పనిపాటలవారికి ప్రార్థనా సమయము

"ప్రార్థించుటకు తీరిక యెక్కడిది?" అని తోటల లైన్లలో అనేకులు అడుగుచుందురు. కోడి కూయకముందే లేచి, గంజి కాచి, బిడ్డలకు పెట్టి, పనికి పోయి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరువారికి ఈ ప్రశ్న కలుగుట వింత కాదు. ఇది సోమరి చెప్పు సాకు కాదు, అలసినవాని మాట. దీనికి ఉత్తరము తీరికగలవారి జీవితములలో దొరకదు. తోటలలో చెమటయోడ్చినవారి చరిత్రలోనే వెదకవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రత్తి తోటలలో పూర్వము బానిసలై పాటుపడిన నల్లజాతివారి చరిత్ర అట్టిది.

సొలొమోను నార్తప్ అను నతడు న్యూయార్కు రాష్ట్రమున స్వతంత్రుడుగా పుట్టినవాడు. 1841లో దుర్మార్గులు అతనిని మోసగించి అమ్మివేయగా, లూసియానా రాష్ట్రములో పండ్రెండేండ్లు దాస్యమనుభవించి, 1853లో విడుదల పొంది, ఆ యేటనే తన సంగతులను గ్రంథముగా ప్రకటించెను. ప్రత్తి తీయు కాలమున తెలతెలవారగనే మొదలైన పని, కన్ను కానరాని చీకటి పడువరకు సాగుచుండెనని అతడు వ్రాసియున్నాడు. మధ్యాహ్నము చల్లారిన తిండి మ్రింగుటకు పది పదునైదు నిమిషములు మాత్రమే విరామము. మనిషి యొక్కనికి దినమునకు సాధారణముగా 200 పౌనులు, అనగా సుమారు 90 కిలోల ప్రత్తి తీయవలసి యుండెను. సాయంకాలము తూకము తగ్గినచో కొరడాదెబ్బలు తప్పవు. తూకమైన పిమ్మట పశువులకు మేత వేయుట, కట్టెలు కొట్టుట, మరునాటికి మొక్కజొన్న విసరుకొనుట మిగిలియుండెను.

కాలము లేకపోవుట యొక్కటే వారి కష్టము కాదు. అనుమతియు లేకుండెను. 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అను బానిస బోధకుడు తిరుగుబాటు నడిపిన తరువాత, 1832లో ఆ రాష్ట్రపు శాసనసభ నల్లవారు బోధ చేయరాదని చట్టము చేసెను. దక్షిణ రాష్ట్రములలో పెక్కింట బానిసలకు చదువు నేర్పుటయు నేరమే. యజమానులు జరిపించు ఆరాధనలలో వారికి తరచుగా వినవచ్చినది యజమానులకు లోబడవలెనను బోధయే. అయినను, ఐగుప్తు దాస్యమునుండి ఇశ్రాయేలీయులను విడిపించిన దేవుని వృత్తాంతమును వారు మరువలేదు. చదువురాని పెదవులు దానిని ఒకరినుండి యొకరికి అందించుచు వచ్చెను.

రాత్రి ఊరు మాటుమణిగిన పిమ్మట వారు అడవిలోనికో, వాగు లోయలలోనికో దొంగతనముగా పోయి కూడుకొనుచుండిరి. సద్దు బయటికి పోకుండ తడిపిన దుప్పట్లను చుట్టును వ్రేలాడదీయుచుండిరి. కొందరు గుడిసెలోనే యుండి, పెద్ద యినుపకుండను వాకిట బోర్లించి, తమ స్వరమును ఆ కుండ పట్టుకొనునని నమ్ముచుండిరి. కావలివారికి చిక్కినచో వీపులు చీలునట్లు దెబ్బలు తినవలసి యుండెను. 1936 మొదలు 1938 వరకు అమెరికా ప్రభుత్వపు రచయితలు, పూర్వము బానిసలైయుండి అప్పటికి వృద్ధులైన 2,000 మందికి పైబడిన వారి వాఙ్మూలములను వ్రాసికొనిరి. ఆ కుండ మాట వాటిలో పలుచోట్ల కానవచ్చును. వారి ప్రార్థనలో ముఖ్యమైన మనవి విడుదల. తాము చూడకున్నను తమ బిడ్డలైనను చూడవలెనని వేడుకొనిరి. 1865 డిసెంబరులో రాజ్యాంగమునకు 13వ సవరణ అమలులోనికి వచ్చి, ఆ దేశమంతట దాస్యము చట్టవిరుద్ధమాయెను.

ఇందువలన రెండు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, ప్రార్థనకు గుడియు, గంటయు, పుస్తకమును లేకపోయినను అడ్డు లేదు. వంటయింటి కుండయే వారికి చాలెను. రెండవది, ప్రార్థించుట యనగా అన్యాయమును సహించి నోరు మూసికొనుట కాదు. ఆ బానిసలు తమకు కావలసినదానిని దేవుని యెదుట దాపరికము లేక అడిగిరి. తక్కువ కూలియో, తప్పుడు తూకమో బాధించునప్పుడు దానిని ప్రార్థనలో చెప్పుకొనుట తప్పు కాదు. మర్యాదతో పై అధికారికి విన్నవించుటయు తప్పు కాదు.

పట్టణమున పనిచేయువారును ఇట్లే సమయము కనుగొనిరి. 1857 సెప్టెంబరు 23వ తేదీని న్యూయార్కు ఫుల్టన్ వీధిలోని దేవాలయమున జెరెమయా లాన్ఫియర్ అను సామాన్య విశ్వాసి, పనివారి మధ్యాహ్న విరామమున ప్రార్థనకూటమును పెట్టెను. ఐదు నిమిషములైనను, పది నిమిషములైనను, గంటయైనను, ఎవరి వీలు కొలది వారు రావచ్చునని పిలిచెను. మొదటి అరగంట అతడొక్కడే మోకరించియుండెను. తరువాత ఆరుగురు వచ్చిరి. మరుసటి వారము ఇరువదిమంది, ఆపైవారము నలుబదిమంది చేరిరి. అక్టోబరులో అది దినదినకూటమాయెను. 1858లో ఇట్టి కూటములు ఇతర పట్టణములకును వ్యాపించెను. ఎవరును ఐదు నిమిషములకు మించి ప్రార్థింపరాదని అచ్చట నియమము. దీర్ఘప్రార్థన చేయలేనివారు దీనివలన ధైర్యము తెచ్చుకొనవచ్చును.

జార్జి వాషింగ్టన్ కార్వరు సంగతియు తెలిసికొనదగినదే. మిస్సోరి రాష్ట్రమున బానిసతల్లికి పుట్టిన యీయన చదివి శాస్త్రజ్ఞుడై, 1896లో అలబామాలోని టస్కేగీ విద్యాలయమున వ్యవసాయ బోధకుడాయెను. ప్రత్తి వలన సారము చెడిన నేలలో వేరుసెనగ, చిలగడదుంప వంటి పంటలు మార్చి వేయుటను పేద రైతులకు నేర్పెను. 1943లో చనిపోవువరకు ఆయన అక్కడనే యుండెను. వేకువను నాలుగు గంటలకే లేచి అడవిలో నడచుచు, మొక్కలను ఏరుచు, సృష్టికర్తతో మాటలాడుట ఆయన వాడుక. పనికిని ప్రార్థనకును నడుమ ఆయన గోడ కట్టలేదు.

నెహెమ్యా చరిత్రయు ఇదే నేర్పుచున్నది. అతడు రాజునకు పానపాత్ర నందించు సేవకుడు. రాజు ప్రశ్నించుటకును తాను బదులు చెప్పుటకును మధ్యనే అతడు ఆకాశమందలి దేవునికి మనవి చేసెను. ఊపిరి విడుచునంత కాలము చాలెను.

కావున తోటకు నడచిపోవు దారిలో ఒక్కొక్క బిడ్డను పేరు పెట్టి దేవునికి అప్పగింపవచ్చును. చేతులు పనిలో నుండగా మనస్సు స్తోత్రము చెల్లింపవచ్చును. తూకపు కొట్టమునొద్ద వరుసలో నిలిచినప్పుడు, యథార్థముగా నుండుటకు బలమడుగవచ్చును. పొయ్యి ముట్టించునప్పుడు కోపము చల్లార్చుమని వేడవచ్చును. రాత్రి తల్లి ప్రార్థించుచునే నిద్రపోయినచో ఆమెను ఎవరును నిందింపరాదు. అలసట పాపము కాదు. కాని చావడిలో ఊరక కూర్చున్న తండ్రి చంటిబిడ్డను కొంతసేపు ఎత్తుకొనిన యెడల ఆమెకు పావుగంట దొరకును. కల్లుపాకలో గడుచు గడియ ఇంటికి తిరిగివచ్చిన యెడల కుటుంబప్రార్థనకు చాలును.

చిన్న ప్రార్థన యైనను ప్రతిదినము చేసినచో హృదయమున వేరు పారును. దాని ఫలము మాటలలో కాదు, ఇంటిలోనివారి యెడల నడవడిలో తెలియవలెను. రేపు ఉదయము పనికి బయలుదేరునప్పుడు గడప దాటకముందు ఒక్క నిమిషము నిలిచి ఆరంభింపవచ్చును.