వరిచేనుకు కావలి కందిరీగ

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ నుండి బయలుదేరే కాలువలు కృష్ణా డెల్టాకు జీవనాడులు. ఈ నేలలో ప్రధానమైన పైరు వరి. వరికి గల శత్రువులలో కాండం తొలుచు పురుగు ముఖ్యమైనది. దీని తల్లి రెక్కలపురుగు ఆకు కొనలపై గుంపుగా గుడ్లు పెట్టి, వాటిని నూగుతో కప్పుతుంది. గుడ్డు నుండి వెలువడిన పురుగు కాండంలోకి దూరి, పిలక దశలో మొవ్వును చంపుతుంది. ఈనిక దశలో తెల్లకంకులకు కారణమవుతుంది. తాలుపోయిన కంకిని తిరిగి పండించగల మందు లేదు. కనుక శత్రువును గుడ్డు దశలోనే అరికట్టడం మేలు.

ఆ పని చేయగలది ట్రైకోగ్రామా అనే కందిరీగ. దీని పొడవు ఒక మిల్లీమీటరు కన్న తక్కువ. ఆడ కందిరీగ పురుగు గుడ్డుకు రంధ్రం చేసి, అందులో తన గుడ్డును ఉంచుతుంది. పిల్ల లోపలి సారమంతా ఆరగించి పెరుగుతుంది. సాధారణ పరాన్నజీవి తనకు ఆశ్రయమిచ్చిన ప్రాణిని పీడిస్తూ బ్రతుకుతుంది. ఇది దానిని చంపి గాని వెలుపలికి రాదు.

ఈ కందిరీగ జన్మరహస్యం మరింత విచిత్రమైనది. మానవులలో శిశువు ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుండి వచ్చే క్రోమోజోము. కందిరీగలలో అట్లు కాదు. ఫలదీకరణం చెందిన గుడ్డు ఆడది అవుతుంది. చెందని గుడ్డు మగది అవుతుంది. ట్రైకోగ్రామాలో సాధారణంగా ఆడదానికి 10 క్రోమోజోములు, మగదానికి 5 మాత్రమే ఉంటాయి. అనగా మగ కందిరీగకు తండ్రి లేడు. మాతామహుడు మాత్రం ఉన్నాడు! తేనెటీగలలో మగవి ఇట్లే పుడతాయని 1845లో యోహాన్ జీర్జోన్ అనే మతగురువు ప్రతిపాదించాడు.

కొన్ని ట్రైకోగ్రామా సంతతులలో ఆడవి మాత్రమే పుడతాయి. వాటికి యాంటీబయాటిక్ ఇవ్వగా మగవి పుట్టాయని 1990లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ వింతకు మూలం కందిరీగ దేహంలో నివసించే వోల్బాకియా అనే బాక్టీరియా.

ఈ విజ్ఞానం రైతుకు ఎందుకు? నిలువ బియ్యాన్ని ఆశించే కార్సైరా రెక్కలపురుగు గుడ్లపై ట్రైకోగ్రామాను పెంచి, ఆ గుడ్లను అట్టముక్కలకు అంటిస్తారు. ఇవే ట్రైకోకార్డులు. ఒక్కొక్క కార్డుపై సుమారు 20,000 గుడ్లు ఉంటాయి. కాండం తొలుచు పురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడత పురుగుకు ట్రైకోగ్రామా కైలోనిస్ కార్డులను చేలో కడతారు. శత్రువు గుడ్డును వెదకి పొడిచేది ఆడదే. కార్డు నుండి సగం మగవే వెలువడితే చేనుకు దక్కే రక్షణ కూడ సగమే. తల్లికి జత దొరకకపోతే పుట్టే సంతానమంతా మగదే. అందువలన పెంపకంలో ఆడవాటి పాలు తగ్గకుండ చూడడం అవసరం.

కార్డు కట్టిన చేలో వెంటనే పురుగుమందు చల్లితే శత్రువుతోపాటు మిత్రుడూ నశిస్తాడు. కంటికి ఆనని ఈ కావలిని గుర్తించి కాపాడుకొనడమే నిజమైన సస్యరక్షణ.