బొమ్మ ఓడకు మోకులు పేను యంత్రము

ఇంగ్లండులోని చాథమ్ నౌకానిర్మాణశాలలో 1765వ సంవత్సరము మే 7వ తేదీన నీట దిగిన ‘విక్టరీ’ అను యుద్ధనౌక నేడు పోర్ట్స్‌మత్ రేవులో ప్రదర్శనకై నిలిచియున్నది. దాని తెరచాపకొయ్యలను నిలబెట్టుటకును, చాపలను ఎత్తి దించుటకును కావలసిన త్రాళ్ళను వరుసగా కలిపినచో సుమారు 26 మైళ్ళు సాగునని లెక్క. లంగరు మోకు చుట్టుకొలత 24 అంగుళములు. సన్నని త్రాళ్ళు వ్రేలికంటె లావుండవు. ఇట్టి నౌకను నలుబదియెనిమిదింట ఒక వంతుగా తగ్గించి నమూనా చేయబూనినవాడు, కొయ్యపని కుదిరిన చాలును, తక్కినది దారపు ఉండతో ముగియునని మొదట తలంచును. కాని ఓడ పూర్తియైన పిదప చూపరి కన్ను ముందుగా పోవునది త్రాళ్ళమీదికే. అవి కుట్టుదారమువలె నున్నచో ఎంత శ్రమించి చెక్కిన ఓడయైనను ఆటబొమ్మగనే మిగులును.

ఆ కాలపు నావికులు త్రాటి లావును వ్యాసముతో గాక చుట్టుకొలతతో చెప్పెడివారు. మూడంగుళముల త్రాడనగా అడ్డముగా కొలిచినచో ఒక అంగుళమునకు కొంచెము తక్కువ. ఏ ఓడకు ఏ త్రాడు ఎంత లావుండవలెనో తెలుపు పట్టికలు 1794లో డేవిడ్ స్టీల్ లండనులో ప్రకటించిన నౌకాసాధన గ్రంథములో కలవు. నమూనా నిర్మాత వానిని ముందిడుకొని లెక్కకు దిగును. 24 అంగుళముల మోకు వ్యాసము నమూనాలో 4 మిల్లీమీటర్లగును. 18 అంగుళములది 3 మిల్లీమీటర్లు. 3 అంగుళములది అర మిల్లీమీటరు. 2 అంగుళములది మిల్లీమీటరులో మూడవ వంతు. ఇన్ని లావుల దారములు ఏ అంగడిలోను దొరకవు.

అయినను లావు ఒక్కటియే చిక్కైనచో ఈ యంత్రముతో పని లేకపోవును. అసలు చిక్కు పురిలో నున్నది. నార, పురి, పేట, త్రాడు, మోకు - ఈ పనిలో మెట్టు మెట్టునకును తెలుగున మాట కలదు. తొడమీద గోగునార పేనిన రైతు యంత్రశాస్త్రము చదువలేదు. కాని పేటకు ఒకవైపున పురి పెట్టి, పేటలను కలుపునప్పుడు ఎదురువైపునకు త్రిప్పవలెనని అతని అరచేతికి తెలియును. పురియెక్కిన పేట తన పురిని విప్పుకొనజూచును. ఆ యత్నములోనే ప్రక్కపేటను చుట్టుకొనును. మూడు పేటలు ఒకదాని తిరుగుబాటును మరియొకటి అణచిపెట్టి నిలిచినదే త్రాడు. జిగురు లేదు, ముడి లేదు. ఎదురెదురు బలముల సరితూకమే దాని పట్టు.

త్రాటిని నిలువుగా పట్టి చూచినప్పుడు పేటలు క్రిందినుండి పైకి కుడివైపునకు ఎక్కినచో అది కుడిపురి, ఎడమకు ఎక్కినచో ఎడమపురి. నూలుమిల్లులవారు ఆంగ్లాక్షరముల నడిమి గీతనుబట్టి మొదటిదానిని జెడ్ పురియనియు, రెండవదానిని ఎస్ పురియనియు అందురు. ఓడత్రాళ్ళలో సాధారణముగా నూలుపోగునకు కుడిపురి, పోగులు కూడిన పేటకు ఎడమపురి, పేటలు కూడిన త్రాటికి మరల కుడిపురి. లంగరు మోకు అట్టి మూడు త్రాళ్ళను తిరిగి ఎడమకు పేనినది. కావున దానిలో తొమ్మిది పేటలుండును.

ఇప్పుడు బజారు దారమును చూడుడు. అది చాలవరకు తుదిగా కుడిపురి పెట్టినదే. మూడు దారములను ఒక్కొక్కదానిని ఒక్కొక్క పేటగా నెంచి ఇంకను కుడికి త్రిప్పి కలిపినచో చక్కని త్రాడే వచ్చును. కాని అది ఎడమపురి త్రాడు. కుడిపురి కావలెనని దారమును ఎడమకు త్రిప్పినచో దాని స్వంత పురి సడలి, పోగులు విడి, నూగు లేచును. ఉపాయము రెండు విధములు. ఎడమపురి దారమును వెదకి తెచ్చుకొనుట ఒకటి. రెండు మూడు సన్నదారములను కలిపి వానిని నూలుపోగులుగా భావించి ఎడమకు త్రిప్పి పేటగా చేయుట రెండవది. రెండవదే ఉత్తమము, అది ఓడత్రాటి క్రమమునే చిన్నకొలతలో అనుసరించును.

అర మిల్లీమీటరు త్రాటికి ఇంత తర్కమా యని నవ్వువారు నవ్వవచ్చును. కాని పదునేడవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి బ్రిటిషు నౌకాధికారులకై చేయబడిన నమూనాలు, అందు పెక్కు ఈ నలుబదియెనిమిదవ వంతు కొలతవే, నేడు చరిత్రకారులకు సాక్ష్యములు. అసలు ఓడలు మునిగినవి, విరిగినవి, పొయ్యిలోనికి పోయినవి. నమూనా మిగిలినది. నేటి నమూనా కూడ ఒకనాడు ఒక విద్యార్థి ముందు అట్లే నిలుచును. పురి తప్పిన త్రాడు అచట అబద్ధపు సాక్ష్యము పలుకును.

త్రాళ్ళు పేను విధమును పూర్ణప్రమాణములో చూడగోరువారికి చాథమ్‌లోనే చోటున్నది. 1786-1791 నడుమ కట్టిన అచటి త్రాళ్ళశాల పొడవు 1,135 అడుగులు. నౌకాశాల 1984లో మూతపడినను ఈ శాల ప్రదర్శనాలయములో భాగమై త్రాళ్ళు పేనుచునే యున్నది. అంత పొడవేల? త్రాడు తయారగుకొలది కురుచయగును. నూలు పొడవులో ఇంచుమించు మూడవ వంతు పురిలోనికి పోవును. ఒక కొన నిలుకడగా నుండి, రెండవ కొన చక్రముల బండిపై మెల్లగా ముందునకు జరుగుచుండవలెను. ఆ జరుగుటకు చోటియ్యని యంత్రము త్రాటిని త్రెంచును, లేదా బిరుసెక్కించును.

బల్లమీది చిన్నయంత్రమునకును అవయవములు ఇవియే. తలవైపు ఒక నిలువుపలకలో నడుమ పెద్ద పళ్ళచక్రము, దానిచుట్టు మూడు చిన్నచక్రములు, ఒక్కొక్కదాని ఇరుసు కొనను ఒక కొక్కెము. పెద్దదానికి 60 పళ్ళు, చిన్నవానికి 20 ఉన్నచో పిడి ఒక్కమారు త్రిప్పగా కొక్కెములు మూడును ఒకే దిశలో మూడేసి చుట్లు తిరుగును. ఎదురుకొనను పట్టాలమీద చిన్న బండి, దానికి ఒక్క కొక్కెము. నడుమ మూడు గాళ్ళు తీసిన కొయ్యముక్క. దీనిని ఆంగ్లేయ కార్మికులు ‘టాప్’ అందురు. రూపములో అది మన బొంగరమే. మొదట బండి కొక్కెమును తిరుగనీయక పేటలకు పురి యెక్కింతురు. అవి బిగిసి బండిని ముందుకు లాగును. పిదప బండి కొక్కెమును ఎదురుదిశకు తిరుగనిత్తురు. బండిచెంత నున్న బొంగరము తలవైపునకు నడచుచుండగా దాని వెనుక త్రాడు పుట్టుచు వచ్చును. చూడదగిన దృశ్యమది.

యంత్రమును కూర్చుట ఒక పూట పని. దానిని దారికి తెచ్చుటకు నెలలు పట్టవచ్చును. మొదటి లోపము సాధారణముగా బండిలోనే బయటపడును. చక్రములు బిగిసి బండి ఒకచోట ఆగి, మరుక్షణము గంతువేసినచో త్రాటిలో ఆ చోట పురి చిక్కబడును, దాని తరువాతిచోట పలుచనగును. బండికి బేరింగులు అమర్చి, వెనుకనుండి కప్పీమీదుగా బరువు వ్రేలాడదీసినచో లాగుడు మొదటినుండి చివరవరకు ఒకే తీరున నుండును. సన్నత్రాటికి తేలిక బరువు, లావుదానికి ఎక్కువ. చేతితో పట్టుకొని లాగుట ఎంత నేర్పరికైనను తగదు. చేయి అలసినది అలసినట్లు త్రాటిపై వ్రాయబడును.

రెండవది, పిడి వదలగానే పేటలు వెనుకకు గిఱ్ఱున విప్పుకొనుట. చక్రపుపళ్ళలో పడు చిన్న నాలుక ఒకటి బిగించినచో ఈ బెడద తీరును. మూడవది లెక్క. నిన్న కుదిరిన త్రాడు నేడు కుదరకపోవుటకు పెక్కుసారులు చుట్ల సంఖ్య తప్పుటయే కారణము. చుట్లు లెక్కించు సాధనము చేర్చి, దారము పేరు, పొడవు, బరువు, చుట్లు ఒక పుస్తకమున వ్రాసికొనువాడు నూరవ త్రాటిని మొదటిదానివలెనే చేయగలడు. మోటారు పెట్టుట అందరికి నచ్చు మార్పు. కాని వేగము తగ్గించు పళ్ళచక్రములు లేని మోటారు కంటె చేతిపిడియే మేలు. దారము తెగకముందు ఇచ్చు సన్నని బిగువును వ్రేళ్ళు గ్రహించును, మోటారు గ్రహింపదు.

పేటలో దారములెక్కువైనప్పుడు ఇంకొక చిక్కు. లోపలి దారము తిన్నగా పోవును, వెలుపలిది చుట్టుదారిన పోవును. రెండును ఒకే పొడవైనచో వెలుపలిది బిగిసి భారమంతయు మోయును, లోపలిది ముడుతపడును. నిజమైన మోకులు తెగుటకు ఇదియొక హేతువని గుర్తించి, ఈస్టిండియా కంపెనీ ఓడలు నడిపిన కెప్టెన్ జోసెఫ్ హడ్డార్ట్ 1793లో ఒక పద్ధతికి పేటెంటు పొందెను. ప్రతి నూలును రంధ్రముల పలకగుండ విడివిడిగా లాగి, ఎవరికి కావలసిన పొడవు వారికి దొరకునట్లు చేయుట అందలి కీలకము. అట్టి రంధ్రముల రేకును బొమ్మయంత్రమునకును అమర్చికొనవచ్చును. అంతకు ముందటి యేడే, 1792లో, మరమగ్గమును కల్పించిన ఎడ్మండ్ కార్ట్‌రైట్ త్రాళ్ళు పేను యంత్రమునకు పేటెంటు తీసికొనియుండెను. నేత యంత్రము కనిపెట్టినవాడే పేనుట తలకెత్తుకొనుటలో ఆశ్చర్యము లేదు.

త్రాడు కుదిరినదో లేదో తెలిసికొనుట సులభము. కొక్కెమునుండి తీసి, మధ్యకు వంచి వదలవలెను. సరితూకము గలది మాలవలె నిశ్చలముగా వ్రేలాడును. తనలో తాను మెలిపడినచో పేటలకిచ్చిన పురికిని త్రాటికిచ్చిన పురికిని పొత్తు కుదరలేదన్నమాట. కొంత బరువు కట్టి ఒక రాత్రి వ్రేలాడదీసినచో స్వల్పదోషములు తొలగును, పెద్దవి తొలగవు. నారదారపు నూగును దీపపు మంటమీదుగా వడిగా లాగి తీయుదురు. పాలియెస్టరు దారముతో ఆ సాహసము కూడదు, కరగిపోవును.

అన్నిటికంటె కడపట పేనునది లంగరు మోకు. మూడు కుడిపురి త్రాళ్ళు వేరువేరుగా సిద్ధపరచి, మరల మూడు కొక్కెములకు తగిల్చి, పిడిని మునుపటికి ఎదురుగా త్రిప్పవలెను. కురుచయగుట ఇచట రెండుమారులు జరుగును: మూడు మీటర్ల దారము తుదకు ఒక మీటరు ముప్పది సెంటీమీటర్ల మోకగును. ఆ పొడవు చాలక తలుపు తెరచి పట్టాలను వసారాలోనికి పొడిగించుకొనవలసివచ్చును. బొంగరము ఆ గడప దాటుచుండగా దాని వెనుక తొమ్మిది పేటలును ఎడమకు వాలుచు, ఒక్కటొక్కటిగా తమ చోటులలో కుదురుకొనును.