దూరం రెట్టింపైతే కిరణాలు నాలుగోవంతేనా?

రేడియోధార్మిక మూలాన్ని రెట్టింపు దూరం జరిపితే డిటెక్టర్‌కు చిక్కే గామా కిరణాలు నాలుగోవంతుకు తగ్గుతాయని అందరం చదువుకున్నాం. ఆ నియమం తప్పు కాదు. దానికున్న షరతును మరిచిపోవడంలోనే తప్పుంది. మూలమూ డిటెక్టరూ వాటి మధ్య దూరం ముందు చుక్కలంత చిన్నవైనప్పుడే అది నిలుస్తుంది.

అపోహ: విలోమ వర్గ నియమం ఏ దూరంలోనైనా చెల్లుతుంది.

వాస్తవం: 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల గుండ్రని డిటెక్టర్ ముఖాన్ని తీసుకుందాం. దాని ఎదురుగా సరిగ్గా మధ్యగీతపై 10 సెంటీమీటర్ల దూరంలో చుక్కంత మూలం ఉంటే, వెలువడే కిరణాల్లో 2.1 శాతం ఆ ముఖాన్ని చేరతాయి. 20 సెంటీమీటర్లకు జరిపితే 0.55 శాతమే చేరతాయి. అంటే 3.8 రెట్ల తగ్గుదల, నియమానికి దాదాపు దగ్గరే. కానీ 1 నుంచి 2 సెంటీమీటర్లకు జరిపితే 34 శాతం కాస్తా 22 అవుతుంది, తగ్గుదల ఒకటిన్నర రెట్లే. మూలాన్ని ముఖానికి ఆనించి పెట్టినా సగం కిరణాలు అవతలి దిక్కుకు పోవాల్సిందే. విలోమ వర్గ సూత్రమేమో అక్కడ అనంతాన్ని చూపిస్తుంది.

అపోహ: దూరాన్ని డిటెక్టర్ మూత నుంచి కొలిస్తే సరిపోతుంది.

వాస్తవం: కిరణాలను పట్టే జెర్మేనియం స్ఫటికం మూత వెనుక కొంత ఎడంగా ఉంటుంది, కిరణాలు దాని లోపలికి వెళ్లాకే చిక్కుతాయి. అమెరీషియం-241 నుంచి వచ్చే 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం జెర్మేనియంలో సగటున ఒక మిల్లీమీటరు పోగానే ఆగుతుంది. కోబాల్ట్-60 నుంచి వచ్చే 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం దాదాపు 4 సెంటీమీటర్లు పోగలదు. అందుకే డిటెక్టర్ లోపల ఒక ఊహాబిందువును తీసుకుని దూరాన్ని అక్కడి నుంచి లెక్కిస్తారు. లెక్కింపు రేటు వర్గమూలానికి విలోమాన్ని దూరంతో గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. అది సున్నాను తాకే చోటే ఆ బిందువు. శక్తి మారితే బిందువూ మారుతుంది.

అపోహ: మూలం బలహీనమైతే ఎంత దగ్గర పెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: కోబాల్ట్-60 దాదాపు ప్రతి విఘటనలోనూ 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలను వెంటవెంటనే వదులుతుంది. మూలం దగ్గరగా ఉంటే కొన్నిసార్లు రెండూ ఒకేసారి చిక్కి, 2505 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకే సంకేతంగా నమోదవుతాయి. దాంతో వర్ణపటంలో ఆ రెండు కిరణాల అసలు శిఖరాలు కుంగుతాయి. ఈ నష్టాన్ని నిర్ణయించేది మూలం బలం కాదు, దూరం. బలాన్ని బట్టి పెరిగేది వేర్వేరు విఘటనల కిరణాలు యాదృచ్ఛికంగా కలిసిపోవడం మాత్రమే.

అన్నిటినీ 25 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే ఈ తంటా ఉండదు కదా అనవచ్చు. ప్రామాణిక మూలాలకు అది మంచి దారే. స్వల్ప ధార్మికత గల మట్టి, నీటి నమూనాలకు అంత దూరంలో కొలత విపరీతంగా సాగుతుంది. కంప్యూటర్ అనుకరణ అన్నీ చూసుకుంటుందన్న వాదనా పూర్తిగా నిలవదు. స్ఫటికం కొలతలు, దాని ఉపరితలంపై కిరణాలను పట్టని పొర మందం సరిగ్గా తెలియకపోతే ఫలితమూ తప్పుతుంది. కాబట్టి ఏ అనుకరణనైనా ముందు సీజియం-137తో పరీక్షించాలి. దాని 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణానికి తోడుగా మరో గామా కిరణం రాదు. సీజియంకు అన్ని దూరాల్లో సరిపోయిన లెక్క కోబాల్ట్‌కు దగ్గర్లో మాత్రమే తప్పితే, జ్యామితిని సవరించే ముందు అనుమానించాల్సింది ఆ జంట కిరణాలనే.