గోడమీఁది పేరు

నల్లమందు గుణము మన పెద్దలకుఁ దెలియనిది కాదు. ఏడ్చు బిడ్డను నిదురపుచ్చుటకు ఆవగింజంత నాలుకకు రాచిన తల్లులు మన యిండ్లలోనే యుండెడివారు. అది బాధను మఱపించును. పిదప విడువరాని యలవాటగును. ఈమాత్ర మెఱుఁగుటకు వైద్యశాస్త్రము చదువ నక్కఱలేదు. అట్టిదానిని అమెరికాలోని వైద్యులే శంక లేక వ్రాసి యిచ్చునట్లు చేసిన యొక సంపన్నకుటుంబము కథను మేమిచ్చటఁ జెప్పఁబూనితిమి.

ఆర్థరు, మార్టిమరు, రేమండు సాక్లరులు మువ్వురు సోదరులు, మువ్వురును వైద్యులే. 1952లో పర్డ్యూ ఫ్రెడరిక్ అను చిన్న మందుల కంపెనీ వారి చేతికి వచ్చెను. ప్రకటనలచే వైద్యుల మనస్సుల నాకర్షించుటలో ఆర్థరు అందెవేసిన చేయి. అతఁడు 1987లో గతించెను. తక్కిన యిరువురి కుటుంబముల పర్డ్యూ కంపెనీ 1996లో ఆక్సీకాంటిన్ అను నొప్పిమాత్రను అంగడికిఁ దెచ్చెను. అందలి మందు నల్లమందు సంతతిలోనిదే. అది 12 గంటలపాటు మెల్లమెల్లగా శరీరమునఁ గలియును గనుక దురుపయోగమునకు అవకాశము తక్కువని నమ్మఁబడుచున్నట్లు మందుపత్రముపై అచ్చువేసిరి. నమ్మినవారెవరో! 2010 వఱకు, మాత్రను నలిపినచో 12 గంటల మందు ఒక్కసారిగా నెత్తురున కెక్కెడిది.

1980లో నొక వైద్యపత్రికయందు అయిదు వాక్యముల లేఖ యొకటి యచ్చయ్యెను. ఆసుపత్రిలో నిట్టి మందులు పొందిన 11,882 మందిలో నలువురికే క్రొత్తగా వ్యసనము కలిగెనని దాని సారాంశము. ఆసుపత్రి మంచముపైఁ గొలిచి యిచ్చు మందునకును, ఇంట నెలలతరబడి మ్రింగు మందునకును గల భేదము మనబోఁటి యిల్లాండ్రకైనఁ దోఁచును. కంపెనీ ప్రతినిధులు మాత్రము నూటికి ఒక్కరికైనను వ్యసనము కాదని వైద్యులకు నచ్చఁజెప్పిరి. 2007లోను, 2020లోను కంపెనీ న్యాయస్థానమున నేరము నొప్పికొనెను. కుటుంబమువారిపై నేరము మోపఁబడలేదు. తాము చట్టము మీఱలేదనియే వారి వాదము. 1999 మొదలు 2021 వఱకు నల్లమందు జాతి మందులు మితిమీఱి మరణించిన అమెరికనులు సుమారు 6,45,000 మంది. అందఱి చావునకు ఈ మాత్రయే కారణమనుట న్యాయము గాదు. దీనితో మొదలిడి హెరాయినునకు దిగినవా రనేకులు.

మమ్ము మిక్కిలి విస్మయపఱచినది వేఱొకటి. మాత్రల సీసాపై సాక్లరుల పేరు లేదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలోను, పారిసు లూవ్రులోను గోడలపై మాత్రము దాతల పేరుగా వెలసియుండెను. ఛాయాచిత్రకారిణి నాన్ గోల్డిన్ తానే యీ మాత్రకు లోఁబడి బయటపడినది. ఆమె 2018లోఁ దోడివారితో మెట్రోపాలిటనునకుఁ బోయి, సాక్లరు మందిరములోని నీటికొలనులో ఖాళీ మాత్రల సీసాలు విసరివైచెను. 2019లో లూవ్రు, 2021లో మెట్రోపాలిటన్ ఆ పేరును దొలఁగించెను.

2022 మార్చిలో బిడ్డలఁ గోల్పోయిన తలిదండ్రుల మాటలను సాక్లరులు మువ్వురు దూరవాణిచేతను దృశ్యయంత్రముచేతను వినవలసివచ్చెను. ఒక తల్లి, కొడుకు విగతజీవుఁడై యుండఁగాఁ జూచి తాను సహాయమునకై టెలిఫోనులో వేసిన కేకలనే వారికి వినిపించినది. బదులు పలుకుటకు వారికి వీలు లేకుండెను.

2025 నవంబరులో న్యాయాధిపతి సమ్మతించిన యేర్పాటు ప్రకారము కుటుంబమువా రేండ్ల తరబడి 700 కోట్ల డాలరుల దాఁక నీయవలెను. అందులోఁ బెద్దభాగము రాష్ట్రములకును ఊళ్లకును బోవును. బాధితులు తమ వంతు పొందుటకు, ఆ మాత్రలు తమకు వైద్యుఁడు వ్రాసి యిచ్చినట్లు నిదర్శనము చూపవలెను. ఇరువదేండ్లనాఁటి మందుచీటి యే యింట నిలిచియుండును?