ఆపకూడనివి, ఆపవలసినవి: అమ్మకపు ఉద్యోగికి ఆయుర్వేద హితవు

తెల్లవారి ఆరు గంటలకే వెల్గటూర్ బస్టాండులో భుజాన నల్లని సంచితో, ఇస్త్రీ చొక్కాతో నిలిచి ఉండే యువకులను మనం చూస్తూనే ఉంటాం. ఒకరు మందుల కంపెనీ ప్రతినిధి, మరొకరు విత్తనాల కంపెనీ ఉద్యోగి, ఇంకొకరు బీమా పాలసీలు చేయించేవారు. ధర్మపురి మీదుగా జగిత్యాల, అక్కడి నుండి కోరుట్ల, మరునాడు వేములవాడ దాటి సిరిసిల్ల. ఇదీ వారి టూర్ ప్రోగ్రాం. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. భోజనం ముగిసీ ముగియకముందే ఏరియా మేనేజరు ఫోను వస్తుంది. అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ నెల టార్గెట్ ఎంతవరకు వచ్చింది?"

ఇటువంటి ఉద్యోగం చేసేవారు వైద్యుని వద్దకు తెచ్చే బాధలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. కడుపులో మంట, మూత్రంలో మంట, నడుము నొప్పి, గొంతు బొంగురు, నిద్రలేమి, ముప్పై ఏళ్ళు నిండీ నిండకముందే రక్తపోటు. వీటన్నింటి వెనుక మరొక బాధ ఉంటుంది. "ఇంత తిరిగీ ఏమి సాధించాను?" అనే అసంతృప్తి అది. శరీరబాధకు ఒక మందు, మనోవేదనకు మరొక మందు వెదుకుతూ పోతే రెండూ తీరవు. రెండింటికీ మూలం ఒక్కటే. దానిని చరక సంహిత స్పష్టంగా చెప్పింది.

పదమూడు వేగములు

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయానికి 'నవేగాంధారణీయం' అని పేరు. శరీరంలో సహజంగా పుట్టే వేగాలను బలవంతంగా ఆపరాదని దాని సారాంశం. అటువంటివి పదమూడు: మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలిగే ఆయాసం.

అదే అధ్యాయం తప్పక ఆపుకోవలసిన వేగాలను కూడా చెప్పింది. మనస్సుకు సంబంధించినవి లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య మొదలగునవి. వాక్కుకు సంబంధించినవి పరుషమైన మాట, అతిగా మాట్లాడుట, చాడీ చెప్పుట, అసత్యం, సమయం కాని సమయంలో పలుకుట. ఇతరులను పీడించే చేతలు మూడవ రకం.

ఇప్పుడు అమ్మకపు ఉద్యోగి దినచర్యను ఈ రెండు పట్టికల పక్కన ఉంచి చూడండి. డాక్టరుగారి గది ముందు వంతుకోసం కూర్చున్నప్పుడు దప్పికను ఆపుకుంటాడు. లేచి వెళితే వంతు పోతుందని మూత్రాన్ని ఆపుకుంటాడు. మధ్యాహ్నం రెండున్నర వరకు ఆకలిని, అర్ధరాత్రి వరకు నిద్రను ఆపుకుంటాడు. మరోవైపు నెలాఖరు దగ్గరపడే కొద్దీ భయాన్ని ఆపుకోలేడు. తోటి ఉద్యోగి ఇన్సెంటివ్ చూసి ఈర్ష్యను ఆపుకోలేడు. సరుకు గుణాన్ని ఉన్నదానికన్నా హెచ్చుగా చెప్పే మాటను నాలుక చివర ఆపలేడు. ఆపకూడనివి ఆపుతున్నాడు, ఆపవలసినవి వదిలివేస్తున్నాడు. ఆరోగ్యమూ తృప్తీ కలిసి చేజారిపోవడానికి మూలకారణం ఇదే.

ఆపితే కలిగే హాని

మూత్రవేగాన్ని ఆపితే వస్తి ప్రదేశంలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి కలుగుతాయని చరకం చెబుతుంది. నీరు తక్కువగా త్రాగుతూ, మూత్రాన్ని తరచుగా బిగబట్టేవారికి మూత్రనాళ వ్యాధులు, మూత్రపిండాలలో రాళ్ళు వచ్చే అవకాశం హెచ్చని ఆధునిక వైద్యులు కూడా హెచ్చరిస్తారు. మే నెల ఎండలు 45 డిగ్రీలు తాకే మన జగిత్యాల ప్రాంతంలో ఈ ప్రమాదం మరింత అధికం. ఈ వృత్తిలోని స్త్రీల కష్టం చెప్పనలవి కాదు. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని ఉదయం నుండి నీరే ముట్టనివారు ఉన్నారు. అది ఓర్పు కాదు, రోగానికి ఆహ్వానం.

ఆకలిని ఆపితే నీరసం, శరీరపు నొప్పులు, అరుచి, తల తిరుగుట కలుగుతాయి. వేళ తప్పి తినడాన్ని ఆయుర్వేదం 'విషమాశనం' అంటుంది. ఇది జఠరాగ్నిని చెడగొడుతుంది. చాలామంది ఆకలిని చాయ్‌తో అణచుకుంటారు. ప్రతి దుకాణదారుడూ మర్యాదకు ఒక చాయ్ ఇస్తాడు, కాదంటే బాగుండదు. రోజుకు ఆరు చాయ్‌లు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల పంచదార అనుకుంటే పన్నెండు చెంచాలు, అనగా సుమారు 50 గ్రాములు. కలుపుకొనే చక్కెరల నుండి వచ్చే శక్తి మొత్తం ఆహారశక్తిలో 10 శాతానికి లోబడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అది సాధారణ వ్యక్తికి సుమారు 50 గ్రాములే. చాయ్‌తోనే ఆ హద్దు నిండిపోతున్నది.

నిద్రను ఆపితే తలబరువు, కండ్లు మూతపడుట, ఒళ్ళునొప్పులు కలుగుతాయి. ద్విచక్ర వాహనంపై ఊరూరు తిరిగేవారికి ఇది ప్రాణాంతకం. రాత్రివేళ కన్ను మూతపడుతున్నట్లు తోచిన క్షణమే బండి ఆపవలెను. చేరవలసిన ఊరు ఎంత దగ్గరైనా సరే.

దీర్ఘకాలపు శ్రమ సంగతి కూడా తెలుసుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోల్చినప్పుడు 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికం. మీ ప్రయాణపు గంటలను, రాత్రి రిపోర్టు వ్రాసే గంటలను కూడా కలిపి ఒక వారం లెక్క వేసి చూడండి.

ప్రాణైషణ ముందు, ధనైషణ తరువాత

చరక సంహిత పదకొండవ అధ్యాయం మానవునికి ఉండవలసిన మూడు కోరికలను చెబుతుంది. మొదటిది ప్రాణైషణ, అనగా జీవించవలెననే కోరిక. రెండవది ధనైషణ, మూడవది పరలోకైషణ. ఈ వరుసలో గొప్ప అర్థమున్నది. ప్రాణం పోతే సర్వం పోయినట్లే కనుక అది ముందు. ఆయువు ఉండి ధనం లేకపోవడం కష్టం కనుక ధనం తరువాత. ధనార్జనను ఆయుర్వేదం చిన్నచూపు చూడలేదు. సేద్యం, పశుపోషణ, వాణిజ్యం, రాజసేవ మొదలగు వృత్తులను పేర్కొని, సజ్జనులు నిందించని ఏ వృత్తినైనా చేయవచ్చునన్నది.

కనుక అమ్మకం తక్కువ పని అన్న భావన విడిచిపెట్టవలెను. వెల్గటూర్ మండలంలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉన్నది. అక్కడి త్రవ్వకాలలో శాతవాహనుల నాణెములు లభించాయి. రెండువేల ఏండ్ల క్రిందటనే ఈ నేలపై క్రయవిక్రయాలు సాగినాయనుటకు అవే సాక్ష్యం. నాణెముపై రాజముద్ర ఎందుకు? చేతికి వచ్చినది మోసం కాదన్న నమ్మకం కొరకు. అమ్మేవాని మాటకు కూడా అటువంటి ముద్ర ఉండవలెను.

తృప్తి ఎక్కడ లభిస్తుంది?

టార్గెట్ అనేది ప్రతి నెలా మొదటి తారీఖున మళ్ళీ సున్నా నుండి మొదలవుతుంది. దానిలోనే తృప్తిని వెదికేవానికి తృప్తి సైతం నెలనెలా సున్నాకే వస్తుంది. కనుక తృప్తిని మరొక చోట నిలుపుకొనవలెను.

పెద్ద నగరంలో అమ్మినవాడు, కొన్నవాడు మళ్ళీ ఎదురుపడకపోవచ్చు. మన పల్లెలలో అట్లా కాదు. వానాకాలానికి ముందు విత్తనం అమ్మినవాడు దసరానాడు అదే రైతుకు జమ్మి ఆకు పెట్టవలసి వస్తుంది. "తమ్మీ, నువ్వు చెప్పిన మందు కొట్టిన, పురుగు పోలేదు" అని పెండ్లిపందిట్లో పదిమందిలో అడుగుతాడు. అదే రైతు పంట చేతికి వస్తే, "ఆ పిలగాడు చెప్పింది చెప్పినట్టు అయింది" అని మరో నలుగురిని పంపుతాడు. ఆ రెండవ మాట విన్ననాటి రాత్రి పట్టే నిద్రను ఏ ఇన్సెంటివ్ ఇవ్వలేదు.

దీనికి కూడా చరకంలో ఆధారం ఉన్నది. చికిత్సాస్థానంలో 'ఆచార రసాయనం' అనే భాగం కలదు. సత్యం పలుకుట, కోపం లేకుండుట, మృదువుగా మాట్లాడుట, అతిశ్రమను విడుచుట, నిద్రా జాగరణలను సమంగా పాటించుట వంటి నడవడి కలవాడు నిత్యం రసాయనం సేవించినవానితో సమానుడని దాని భావం. అనగా సత్యవాక్కును నీతిగానే గాక ఔషధంగా కూడా ఆయుర్వేదం ఎంచింది. అబద్ధం చెప్పి అమ్మినవాడు ఆ అబద్ధాన్ని గుర్తుంచుకోవాలి, అది బయటపడుతుందేమోనని భయపడాలి. ఆ భయమే నిద్రకు, జీర్ణానికి శత్రువు.

ఒక చిన్న అలవాటు చేసుకోండి. రోజూ కంపెనీకి కాల్ రిపోర్టు వ్రాస్తారు కదా, దానితోపాటు మీ సొంత నోటుపుస్తకంలో ఒకే వాక్యం వ్రాయండి: 'నా వలన ఈ రోజు ఎవరికి మేలు జరిగింది?' పనికిరాని సరుకు వద్దని చెప్పి ఒకరిని కాపాడినా అది మేలే. నెలాఖరున టార్గెట్ లెక్కతోపాటు ఈ పేజీలను కూడా చదువుకోండి. వరుసగా చాలా పేజీలు ఖాళీగా ఉంటే, మారవలసినది మీ ఆరోగ్యమో, అమ్మే సరుకో, కంపెనీయో ఆలోచించుకొనే సమయం వచ్చినదని గ్రహించండి.

ఇంటిలో చేసుకొనదగినవి

1. ధనియాల నీరు: రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి త్రాగవలెను. వేసవిలో దాహాన్ని, మూత్రపు మంటను తగ్గించుటకు వాడుకలో ఉన్న పానీయమిది. మంట రెండు రోజులలో తగ్గకున్నా, జ్వరం ఉన్నా డాక్టరును చూడవలెను.

2. పలుచని మజ్జిగ: ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీరు చేర్చి చిలికి, వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు కలిపి సీసాలో తీసుకొనిపోవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేసుకొనరాదు.

3. సంచిలో ఆహారం: జొన్నరొట్టె, పెసరపప్పు, కూర ఉన్న చిన్న డబ్బా, అది వీలుకాని నాడు గుప్పెడు పల్లీలు, ఒక నువ్వుల ఉండ, ఒక జామపండు. ఒంటిగంటకు ఎక్కడున్నా తినవలెను. చాయ్ ఇచ్చేవారికి "మంచినీళ్ళు చాలన్నా" అంటే ఎవరూ నొచ్చుకోరు.

4. గొంతుకు: రోజంతా మాట్లాడి వచ్చినవారు గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించవలెను. అతిమధురం ముక్క చప్పరించుట మంచిదే గాని, రక్తపోటు ఉన్నవారు మానవలెను. అది రక్తపోటును పెంచుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే పరీక్ష అవసరం.

5. పాదాభ్యంగం: పడుకొనే ముందు నువ్వులనూనెను కొద్దిగా వేడిచేసి అరికాళ్ళకు ఐదు నిమిషాలు మర్దనా చేసుకొనవలెను. కాళ్ళ బడలిక తీరి నిద్ర సుఖంగా పడుతుంది. ఆ తరువాత ఫోను ముట్టరాదు. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం.

6. మార్గపు పటం: ప్రతి ఊరిలో శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీరు ఎక్కడ ఉన్నాయో డాక్టర్ల జాబితా మాదిరిగానే వ్రాసి పెట్టుకొనవలెను. మూడు గంటలకు ఒకసారి మూత్రవిసర్జన నియమంగా ఉండవలెను.

ముప్పై ఏళ్ళు దాటినవారు ఏటా ఒకసారి రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. ఛాతీలో బిగువు, ఎడమచేతికి లేదా దవడకు ప్రాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకొని వాము నములుతూ కూర్చొనరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. దిగులు వారాల తరబడి వీడకపోతే 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు. కన్నీరు కూడా ఆపకూడని వేగమేనని చరకం చెప్పిన మాట మరువరాదు.

సెలవు విషయంలో సంకోచం వద్దు. ఔషధ కంపెనీల అమ్మకపు ఉద్యోగుల కొరకు పార్లమెంటు 1976లోనే చట్టం చేసి ఆర్జిత సెలవును, సగం వేతనంతో వైద్య సెలవును కల్పించింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఆ ఏర్పాటు చేరింది. సెలవు దయతో ఇచ్చేది కాదు, హక్కు.

చివరిగా ఇంటివారికి ఒక మనవి. నెలాఖరు రాత్రి గడపలో అడుగుపెట్టిన కొడుకును, కోడలిని, భర్తను "టార్గెట్ అయిందా?" అని అడగకండి. ఆ ప్రశ్న వేయడానికి మేనేజరు ఉన్నాడు. మన ఇండ్లలో తరతరాలుగా అడిగే ప్రశ్న మరొకటి ఉన్నది. "తిన్నవా బిడ్డా?" అని అడగండి. ప్రాణం ముందు, ధనం తరువాత అన్న చరకుని మాటకు మన తల్లులు చెప్పిన తెలుగు అదే.