ఎడారి ఊళ్లో కాన్సరు వైద్యం చదువు



మా పెద్దాడపడుచు కూతురు ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి పై చదువుకి పరీక్ష రాసింది. అఖిల భారత కోటాలో రాజస్థాన్‌లోని బికనీరులో సీటు వచ్చింది. చదువు రేడియేషన్ ఆంకాలజీ, అంటే కాన్సరుకి కిరణాలతో చేసే వైద్యం. మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారే, అదే.

మా వదినగారు ఏడుపు లంకించుకున్నారు. "ఊరు చూస్తే ఎడారి. చదువు చూస్తే కరెంటు. మూడేళ్లు ఆ కిరణాల మధ్య తిరిగిన పిల్లకి రేపు పెళ్లవుతుందా, కడుపు పండుతుందా, నువ్వే చెప్పు" అన్నారు. నేను చదివింది మెట్రిక్. ఏం చెప్పను? దసరాకి పిల్ల ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి అన్నీ అడిగాను. అది చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ముందు ఊరి సంగతి. బికనీరు థార్ ఎడారిలో 1488లో రావు బికా అనే ఆయన కట్టించిన ఊరు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలం రాత్రిళ్లు సున్నా దగ్గరికి పోతుంది. 'ఆంధీ' అని దుమ్ముగాలి లేస్తే తలుపులన్నీ బిగించినా కంచాల్లో ఇసుక తేలుతుందిట. వాన తక్కువ గనక పూర్వం వాననీటిని నేల కింద కుండాల్లో దాచుకునేవారు. తరవాత ఇందిరాగాంధీ కాలువ నీళ్లు వచ్చాయి. పచ్చికూరలు దొరకని రోజుల్లో ఎండబెట్టిన కేర్, సాంగ్రీ కాయలే కూర, సజ్జ రొట్టె దానికి తోడు. మన పిల్ల కందిపొడి, గోంగూర పచ్చడితో ఆర్నెల్లు నెట్టుకొచ్చింది. ఇప్పుడు సజ్జరొట్టె తనే చేస్తుంది.

అక్కడి సర్దార్ పటేల్ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. దానికి అనుబంధంగా ఆచార్య తులసి పేరుతో ప్రాంతీయ కాన్సరు ఆస్పత్రి ఉంది. పంజాబు నుంచి కూడా రోగులు వస్తారు. భటిండా వైపు నుంచి రాత్రి ఎక్కితే తెల్లవారుజామున బికనీరులో దింపే పాసింజరు బండికి ఏళ్ల తరబడి 'కాన్సర్ రైలు' అనే పేరు ఉండేదంటే ఎంతమంది వచ్చేవారో ఊహించుకోండి. "రోగి మార్వాడీలోనో పంజాబీలోనో నొప్పి చెబుతుంది అత్తయ్యా. నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ మాటలే" అంది పిల్ల.

ఇక చదువు. మూడేళ్లు. పేరుకి విద్యార్థే గాని రోజంతా ఆస్పత్రిలోనే. పొద్దున్న రోగుల్ని చూడాలి, వార్డు చూడాలి, రాత్రి డ్యూటీలు చెయ్యాలి, భౌతికశాస్త్రం చదవాలి, సిద్ధాంత వ్యాసం రాయాలి. అన్నిటికన్నా ఓపిక కావలసింది గీతలు గియ్యడం. రోగికి స్కాను తీస్తే శరీరం దొండకాయ చక్రాల్లా పలచని ముక్కలుగా తెరమీద కనిపిస్తుంది. ఒక్కొక్క ముక్క మీదా గడ్డ ఎంతవరకు ఉందో గీత గియ్యాలి. పక్కనున్న మూత్రాశయమో, వెన్నుపామో కిరణాల దెబ్బ తినకుండా దాని చుట్టూ వేరే గీత. ఆ గీతలు పెద్ద డాక్టర్లు సరిచూస్తారు. మెడకీ తలకీ వైద్యమైతే, ప్లాస్టిక్ జాలీని వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరుస్తారు. ఆరేసరికి ముఖం ఆకారంలో గట్టిపడుతుంది. రోజూ తల అదే చోట కదలకుండా ఉండడానికి అది.

కిరణాలు ఒక్కరోజే ఇచ్చేస్తే పోదా అని అడిగాను. గడ్డలోని కణాలకీ, మంచి కణాలకీ రెండింటికీ దెబ్బ తగులుతుంది. కాని మంచి కణాలు మర్నాటికి బాగా కోలుకుంటాయి, కాన్సరు కణాలు అంతగా కోలుకోలేవు. అందుకే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా ఇస్తారు. ఇంట్లో పెళ్లనీ, పండగనీ మధ్యలో మానేస్తే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. "నాలుగు వారాలకే నొప్పి తగ్గిందని వెళ్లిపోయేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ అత్తయ్యా, ఇంట్లో వంటకి ఎవరూ లేరంటారు" అన్నప్పుడు పిల్ల గొంతు మారింది.

మరి వదినగారి భయం? యంత్రం పనిచేసేటప్పుడు డాక్టర్లు మందపాటి కాంక్రీటు గోడల అవతల ఉంటారు. ఒంటిమీద చిన్న బ్యాడ్జీ పెట్టుకుంటారు, ఎంత రేడియేషన్ సోకిందో అది లెక్క చూపుతుంది. మన దేశంలో ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్లు దాటకూడదనీ, ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మించకూడదనీ నియమం. గర్భం వస్తే ముందే చెప్పాలి, ఇంకా గట్టి జాగ్రత్తలు ఉన్నాయి. ఇది విన్నాక వదినగారు ఆ పూట కడుపునిండా అన్నం తిన్నారు.

నాకు మాత్రం అన్నం సహించలేదు. ఎందుకో చెబుతాను. మా వీధిలో ఒకావిడకి గర్భాశయ ముఖద్వారం కాన్సరుకి కరెంటు పెట్టారు. ఇంటికొచ్చాక ఆవిడకి వేరే కంచం, వేరే గ్లాసు. మనవణ్ణి దగ్గరికి రానివ్వలేదు. పలకరించడానికని వెళ్లి నేనూ గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేశాను. పిల్ల ఏమందో తెలుసా? "బయటినుంచి యంత్రంతో ఇచ్చే కిరణం బల్బు వెలుతురులాంటిది అత్తయ్యా. స్విచ్చి ఆపితే గదిలో వెలుతురు మిగులుతుందా? లోపల కాసేపు పెట్టి తీసేసే వైద్యమైనా అంతే. థైరాయిడ్‌కి అయొడిన్ మందు ఇచ్చినప్పుడు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు దూరం ఉండాలి. కాన్సరు అంటురోగం కాదు."

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లాను. మంచం మీద పక్కనే కూర్చుని, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగాను. మనవడు నా వెనకాలే వచ్చి ఆవిడ ఒళ్లో ఎక్కాడు. కోడలు చూసి ఊరుకుంది.

చివరగా ఒక్క మాట. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, భర్తతో కలిసిన తరవాత కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే డాక్టరుకి చూపించుకోండి. మీ వీధిలో వైద్యం చేయించుకుని వచ్చిన ఆవిడ ఎవరన్నా ఉంటే, ఈ సాయంత్రం ఒకసారి వెళ్లి రండి. గుమ్మం దగ్గర నిలబడకండి.

సెలవు.