చెయ్యి చూసి పిడి

ఎయిర్ పిస్టల్ నేర్చుకునే పిల్లలు నా దుకాణానికి పిడి ఒక్కటే విప్పి తెస్తారు. పిస్టల్ ఇంట్లో పెట్టి రమ్మన్నది నేనే. బల్ల మీద పిడి పెట్టగానే అందరిదీ ఒకటే మాట: "అంకుల్, చెయ్యి జారుతోంది, గ్రిప్ టేపు వేస్తారా?" నేను పిడిని పక్కన పెట్టి ముందు చెయ్యి చూస్తాను. వేళ్ల పొడవు, బొటనవేలి మొదట్లో కండ, అరచేతిలో గుంట. చాలా పిడులు గరుకు చాలక జారవు, ఆకారం కుదరక జారతాయి. కుదరని పిడికి టేపు వేస్తే తప్పుగా పట్టిన చెయ్యి ఆ తప్పు దగ్గరే గట్టిగా అతుక్కుంటుంది.

నాది తలుపులు, దర్వాజాలు చేసే వడ్రంగం. హైదరాబాద్‌లో ఈ ఆట ఆడేవాళ్లకి ఇంతకుముందు జర్మనీ నుంచో ఇటలీ నుంచో పిడి తెప్పించుకోవడం తప్ప దారి ఉండేది కాదు. మా ఊరి పిల్ల ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి 4 పతకాలు తెచ్చింది. ఆ తర్వాతే మా వీధిలో కూడా పిస్టల్ పిడి అనే వస్తువు ఒకటుందని తెలిసింది. తలుపుల పనికన్నా ఇందులో డబ్బు తక్కువ, తగువు ఎక్కువ. అయినా నాకు ఇదే ఇష్టం.

అసలు పిడికి ఇంత హంగామా ఎందుకో చెప్పాలి. 10 మీటర్ల దూరంలో లక్ష్యం. అందులో పదో వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒక్క చేత్తో, ఏ ఆసరా లేకుండా, 75 నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి. పిస్టల్ మీద గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం ఇంచుమించు 33 సెంటీమీటర్లు. లక్ష్యం దానికి ముప్పై రెట్లు దూరంలో ఉంది. కాబట్టి ముందు సైటు ఉండాల్సిన చోటు నుంచి అర మిల్లీమీటరు పక్కకు పోతే గుండు 15 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది, పది కాస్తా తొమ్మిది అవుతుంది. ఒక మిల్లీమీటరు పోతే ఏడు. అరచెయ్యి పిడి మీద రవ్వంత తిరిగినా చాలు, సైటు ఆ మాత్రం కదులుతుంది. ఎయిర్ పిస్టల్‌కి వెనక్కి తన్నే గుణం దాదాపు లేదు. కనుక ఇక్కడ గరుకు చేసే పని పిస్టల్ చేజారకుండా ఆపడం కాదు. మొదటి గుండుకి చెయ్యి ఎక్కడుందో అరవయ్యో గుండుకీ అక్కడికే వచ్చి కూర్చునేలా చూడడం.

అందుకని నా పని గరుకుతో మొదలవదు, పౌడరుతో మొదలవుతుంది. మంచి పిడులు ఎక్కువగా అక్రోటు చెక్కవి, రంగు ముదురు గోధుమ. చేతికి టాల్కం పౌడరు రాసుకుని పిడి పట్టి వదలమంటాను. తాకిన చోటల్లా తెల్లబడుతుంది, తాకని చోటు నల్లగానే ఉంటుంది. ఎక్కువమందికి అరచేతి నడిమి గుంట దగ్గర చెక్క తాకదు. అక్కడ వుడ్ పుట్టీ గానీ ఎం-సీల్ గానీ పొరలు పొరలుగా పెట్టి, గట్టిపడ్డాక ఆకురాయితో అరగదీస్తాను. చూపుడువేలి దగ్గర దీనికి తలకిందులు. ఆ వేలు చెక్కకి తాకనే కూడదు. తాకితే ట్రిగ్గర్ లాగేటప్పుడు పిడిని కూడా పక్కకి తోస్తుంది. అక్కడ చెక్క తీసేసి, ఉప్పు కాగితంతో నున్నగా చేసి వదిలేస్తాను.

అసలు పరీక్ష షూటింగ్ రేంజ్‌లో. ఖాళీ పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి లక్ష్యం వైపు ఎత్తమంటాను. కళ్లు తెరిచేసరికి రెండు సైట్లూ వాటంతటవే ఒక వరసలో ఉంటే పిడి కుదిరినట్టు. ఎప్పుడూ ఎడమకే పోతుంటే మళ్లీ ఆకురాయి తియ్యాలి. ఇది తేలకుండా గరుకు జోలికి పోను. ఎంత తొందరపెట్టినా పోను.

ఒకసారి ఒక ఎడమచేతి వాటం కుర్రాడు ఎవరి దగ్గరో సగం ధరకి కొన్న కుడిచేతి పిడి తెచ్చి, టేపు చుడితే సరిపోదా అన్నాడు. సరిపోదు బిడ్డా అన్నాను. ఎడమ చెయ్యి తక్కువదని కాదు. హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్ కుడిచెయ్యి 1938లో గ్రెనేడ్ పేలి పాడైపోతే, ఎడమచేత్తో మొదటి నుంచీ నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్ రెండింట్లోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణం గెలిచాడు. కానీ ఎడమ చేతికి ఎడమ పిడే కావాలి. కుర్రాడు ముఖం మాడ్చుకుని వెళ్లాడు. తర్వాత తండ్రిని వెంటబెట్టుకుని సరైన పిడితో వచ్చాడు.

ఇక గరుకు. చెక్కకి నేను వేసేది చుక్కల గరుకు. ఉక్కు పంచ్‌కి మొన గుండ్రంగా సాన పట్టి, చిన్న సుత్తితో ఒక్కొక్క చుక్కా కొడతాను. వరసలు కట్టకూడదు. వరసగా కొడితే ఆ గీత వెంబడి చెయ్యి జారుతుంది. చుక్కలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. అక్రోటుకి పోగు సన్నం, గట్టిదనం సమంగా ఉంటుంది. చుక్క పడ్డాక అంచు నిలుస్తుంది. టేకుతో పిడి చెయ్యమని అడుగుతారు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, పోగు మొరటు. చుక్క అంచు చిట్లుతుంది, పైన టేపు వేసినా సరిగ్గా అంటుకోదు. తలుపుకి రాజు లాంటి చెక్క, ఈ పనికి మాత్రం వద్దు.

ఎక్కడ కొట్టాలన్నది ఎలా కొట్టాలన్నదానికన్నా ముఖ్యం. పిడి ముందు భాగంలో మధ్యవేలు, ఉంగరపు వేలు ఆనే చోట బాగా. అరచేతి మడమ దగ్గర కొంచెం. బొటనవేలి వైపు అసలు వద్దు. బొటనవేలు నొక్కడానికి లేదు, ఊరికే ఆనుకుని ఉండాలి. అక్కడ గరుకు పెడితే తెలియకుండానే నొక్కుతుంది. పిడంతా గరుకు చేయించుకున్నవాళ్లు కాసేపటికి చర్మం మండి, పట్టు మార్చుకోవడం మొదలుపెడతారు. ఏది రాకూడదని గరుకు వేశామో అదే వస్తుంది.

చివర అవిసె నూనె పలుచగా రుద్దుతాను. వార్నిష్ వెయ్యను. మే నెల చెమటకి వార్నిష్ నున్నగా జారుతుంది. అవిసె నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలోంచి అది బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. పరిచి ఆరేయాలి.

టేపు వద్దని కాదు. పెరిగే వయసు పిల్లలకి టేపే మేలు. ఆరు నెలలకి చెయ్యి మారుతుంది, టేపు పీకేయొచ్చు, కొట్టిన చుక్క పీకలేం. టేపుల్లో రెండు రకాలు. స్కేట్‌బోర్డు మీద వేసేది ఇసుక రకం, పట్టు బలంగానే ఉంటుంది గాని గంటసేపు పట్టుకుంటే చేతిని గీకేస్తుంది. రబ్బరు రకం మెత్తన, చెమటకి కాస్త తగ్గుతుంది. అతికించే ముందు చెక్కని స్పిరిట్‌తో తుడవాలి. ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించాలి, చదరపు మూల ముందుగా లేస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి బొటనవేలితో నొక్కాలి. గుంట మీద ఒకే పెద్ద ముక్క వేస్తే నడుమ గాలి నిలిచి ఊడిపోతుంది, చిన్న ముక్కలు వెయ్యాలి.

పుట్టీ పెట్టినా టేపు వేసినా పిడి మందం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. పోటీకి ముందు పిస్టల్‌ని 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పెట్టి చూస్తారు. పట్టకపోతే ఆడనివ్వరు. సాధారణంగా అడ్డంపడేది పిడే. పిడిలో అరచేతి కింద ఉండే పలక పైకి వంపు తిరగకూడదు, పిడి మణికట్టుని తాకకూడదు. అందుకని వెర్నియర్ కాలిపర్ నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. రైఫిల్ ఆడే పిల్లలు ఈ గరుకు మాకూ వెయ్యమంటారు. వాళ్ల నియమాలు వేరు, రైఫిల్ పిడికి పట్టు పెంచే పదార్థం అతికించకూడదు. వాళ్లని ఒట్టి చేతులతోనే పంపుతాను.

గరుకు వేయించుకున్నాక నెలలు గడిస్తే చుక్కల్లో చెమటా మట్టీ పేరుకుని మళ్లీ నున్నబడుతుంది. అరిగిపోయిందని కొత్తగా కొట్టమని తెస్తారు. పాత పళ్ల బ్రష్షుని స్పిరిట్‌లో ముంచి రుద్ది ఇచ్చేస్తాను. దానికి డబ్బు తీసుకోను.